అట్టపెట్టెల పిరమిడ్‌లో వినాయకుడు

నాకు ముక్కు మీద కోపం. దానికి తోడు ఎవరి పనిలోనైనా వేలు పెట్టే అలవాటు. కోపాన్ని మా ఇంట్లో అందరూ భరిస్తారు, వచ్చినంత వేగంగా పోతుంది కాబట్టి. రెండో గుణాన్ని మాత్రం నా కూతురు భరించలేకపోయింది.

అది నాలుగో తరగతిలో ఉన్నప్పుడు స్కూల్లో అగ్నిపర్వతం చేసుకురమ్మన్నారు. పాత పేపర్లు, మైదాపిండి జిగురు పెట్టుకుని వారం రోజులు కష్టపడి చేసింది. కొండ కాస్త ఒక పక్కకి వాలింది. నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని. వాలిన దేన్ని చూసినా నా చేతులు ఊరుకోవు. ఒక ఆదివారం అది ఈత క్లాసుకి వెళ్ళి వచ్చేలోపల ఆ కొండని విప్పి, లోపల వైరు వల పెట్టి, ప్లాస్టర్ పూసి నిటారుగా నిలబెట్టాను. స్కూల్లో దానికి నీలం రిబ్బన్ ఇచ్చారు. అది ఇంటికి వచ్చి రిబ్బన్ని నా ల్యాప్‌టాప్ మీద పెట్టి, "ఇది నీది" అని తన గదిలోకి వెళ్ళిపోయింది. ఆ తరవాత మూడేళ్ళపాటు తను గీసిన బొమ్మ గానీ రాసిన పేజీ గానీ నాకు చూపించలేదు. ఏం చేస్తున్నావని అడిగితే "నథింగ్" అనేది. ఆ ఒక్క మాటకి నాకు ఒళ్ళు మండేది, వెంటనే ఏడుపూ వచ్చేది.

అందుకే, పిరమిడ్ కడదామని అదే నా దగ్గరికి వచ్చినప్పుడు నేను చేతిలో పని పక్కన పడేశాను.

మేముండేది మెల్‌బోర్న్‌లో, క్రాన్‌బర్న్ దాటాక కొత్తగా లేచిన ఇళ్ళ మధ్య. టైల్స్ వ్యాపారం చేసి రిటైరైన ఒక అంకుల్‌కి దగ్గర్లోనే ఖాళీ షెడ్డు ఉంది. ఏటా వినాయక చవితి అందులోనే చేసుకుంటాం. ఆయన భార్య తన గరాజ్‌లో కూర్చుని నెల రోజులు మట్టితో విగ్రహం చేస్తుంది. అంకుల్‌దీ నాదీ బెజవాడే. మా చిన్నతనంలో వినాయకుడి పందిళ్ళకి సెట్టింగులు వేసేవారు. ఒక వీధిలో ఓడ, పక్క వీధిలో మంచుకొండ, ఆ పై వీధిలో విమానం. దేవుణ్ణి చూడ్డానికి వెళ్తున్నామో సెట్టింగు చూడ్డానికి వెళ్తున్నామో తెలిసేది కాదు. ఆ సరదా ఇక్కడి పిల్లలకీ చూపించాలని అంకుల్‌కి ఎప్పటినుంచో కోరిక. ఈసారి ఏం సెట్టింగు వేద్దామని పిల్లల్నే అడిగారు. నా కూతురు ఏడో తరగతి. ఆ టర్మ్‌లో వాళ్ళకి ఈజిప్టు పాఠం. పిరమిడ్ అంది.

సమాధిలో దేవుణ్ణి పెడతామా అని అంకుల్ నసిగారు. ఆంటీ కాసేపు ఆలోచించి, లోపలికి వంగి వెళ్ళాలా అని నా కూతుర్ని అడిగింది. బాగా వంగాలి అంది ఇది. అయితే పరవాలేదు, దేవుడి దగ్గరికి అందరూ వంగే వెళ్ళాలి అని ఆంటీ తేల్చేసింది. ఆంటీ తేల్చాక మా దగ్గర ఇంకెవరూ మాట్లాడరు.

ఇంటికొచ్చాక నా కూతురు నాకు షరతు పెట్టింది. చెక్క ఫ్రేము లెక్కలు నేను చూసుకోవాలి, ఎవరి మీదా పడకూడదు కాబట్టి. లోపల ఏ గది ఎక్కడ, ఏ దారి ఎటు అన్నది మొత్తం దానిది. నేను అడగకూడదు, ముట్టుకోకూడదు. "ప్రామిస్?" అంది. ప్రామిస్ అన్నాను. నా మొహం చూసి నమ్మినట్టు లేదు, అయినా పని మొదలుపెట్టింది.

రాళ్ళ కోసం వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. మా పేటలో అందరూ కొత్తగా ఇళ్ళు మారినవాళ్ళే. ప్రతి గరాజ్‌లోనూ సామాను తెచ్చుకున్న అట్టపెట్టెలు పైకప్పు దాకా ఉన్నాయి. వాటిని తెచ్చి, కొలతకి కోసి, పైన్ చెక్కల ఫ్రేముకి స్క్రూలతో బిగించి, పెయింటులో ఇసుక కలిపి పూశాం. అడుగున ఐదు మీటర్లు, ఎత్తు మూడు మీటర్ల పైచిలుకు. అసలు పిరమిడ్‌కి ఎంత వాలు ఉందో దీనికీ అంతే ఉండాలని నా కూతురు పట్టుబట్టింది. ఆరు వారాలు, ప్రతి శనివారం షెడ్డులోనే మా కాపురం. మా ఆయన టీ ఫ్లాస్కుతో వచ్చి, చూసి, మెచ్చుకుని, తెలివిగా వెళ్ళిపోయేవాడు.

ఆ ఆరు వారాలు కారులో అది నాతో మాట్లాడింది. నాకు కావాల్సింది అదే. వెళ్ళేటప్పుడు ఇరవై నిమిషాలు, వచ్చేటప్పుడు ఇరవై నిమిషాలు, సగం ఇంగ్లీషు, సగం తెలుగు, మొత్తం పిరమిడ్. రాజు గది పైకప్పుకి వేసిన గ్రానైటు దూలాలు దక్షిణాన ఎక్కడినుంచో నది మీద పడవల్లో వచ్చాయట. ఆ గది పైన ఒకదాని మీద ఒకటి ఐదు పొట్టి గదులు ఉన్నాయట. అన్నిటికన్నా పైన రెండు రాళ్ళు ఒకదానికొకటి ఆనించి, బరువు రాజు నెత్తిన పడకుండా పక్కలకి పోయేట్టు చేశారట. అన్ని గదులు అక్కర్లేదు, ఒక్కటి చాలు అని ఇప్పటి ఇంజనీర్లు కొందరంటారు. అయితే అది కట్టినాయన భయస్తుడన్నమాట అనుకున్నాను. నాకాయన తెగ నచ్చాడు. నేనూ అంతే, ఒకటి చాలినచోట రెండు పెడతాను.

మన పిరమిడ్‌లోనూ ఆ ఐదు గదులు పెడుతున్నానంది. ఎవరూ చూడరు కదే అన్నాను. అవి కట్టింది చూడ్డానికి కాదమ్మా అంది. మరో శనివారం, ఆ పై గదుల్లోకి మొదట్లో వెళ్ళినవాళ్ళ సంగతి చెప్పింది. అడుగు గది దొరికాక, పైవాటిని చూడాలన్న ఆత్రంలో తుపాకిమందు పెట్టి రాళ్ళు పేల్చుకుంటూ పైకెక్కారట. లోపల ఆనాటి కూలీలు ఎర్రరంగుతో రాసుకున్న తమ జట్ల పేర్లు ఉన్నాయి. ఈ కాలం సైంటిస్టులు మాత్రం రాయి కదపకుండానే, ఆకాశంలోంచి రాలే సూక్ష్మకణాలు ఎటు ఎన్ని వస్తున్నాయో లెక్కగట్టి, లోపల ఇంకో పెద్ద ఖాళీ ఉందని కనుక్కున్నారు. అందులో ఏముందో ఇంకా ఎవరికీ తెలియదు. "దే'ర్ జస్ట్ వెయిటింగ్" అంది. ఆ మాట అంటున్నప్పుడు దాని గొంతులో వాళ్ళ మీద ఎంత గౌరవమో.

రాజుగారి రాతిపెట్టె ఆ గదికి వెళ్ళే దారి కన్నా కాస్త వెడల్పట. అంటే పెట్టెని ముందే లోపల పెట్టేసి, తరవాత చుట్టూ గది కట్టుకుంటూ పోయారన్నమాట. ఇది అంకుల్‌కి చెబితే ఆయన మురిసిపోయారు. మనమూ అలాగే చేద్దామన్నారు. చవితి మంగళవారం. ముందటి ఆదివారం పొద్దున నలుగురు పట్టి విగ్రహాన్ని పైనుంచి గదిలోకి దించారు. ఆ తరవాత గది పైకప్పు వేశాం, పొట్టి గదులు వేశాం, శిఖరం పెట్టాం. అందరం చప్పట్లు కొట్టాం. నేను మరీ గట్టిగా కొట్టాను.

మంగళవారం పూజ అయింది, ప్రాణప్రతిష్ఠ అయింది. జనం వరసలో నిలబడి, వంగి, పాక్కుంటూ పైకి వెళ్ళి స్వామిని చూసి వచ్చారు. మోకాళ్ళ నొప్పులున్న ఆంటీలు కూడా మూలుగుతూనే వెళ్ళారు. ఒక డాక్టరుగారు మధ్యలో ఇరుక్కుంటే వెనకనించి వాళ్ళావిడ తోసింది. నా కూతురు గుమ్మం దగ్గర నిలబడి అందరికీ దారి చెప్పింది. బుధవారం పొద్దున్నే స్లీపింగ్ బ్యాగు భుజాన వేసుకుని స్కూలు క్యాంపుకి బస్సెక్కింది. మూడు రోజులు, ఫోన్లు తీసుకెళ్ళకూడదు.

బుధవారం సాయంత్రం హారతి అయ్యాక, మాతో ఫ్రేము బిగించిన కార్పెంటర్ తమ్ముడు నా పక్కన కూర్చుని ప్రసాదం తింటున్నాడు. అతనిది వరంగల్ పక్క. చదువుకోడానికి వచ్చి, ఇక్కడే చెక్కపని నేర్చుకుని స్థిరపడ్డాడు. తింటూ తింటూ ఆగాడు.

"అక్కా, శనివారం సామిని ఎట్ల బయటికి తీస్తం?"

నేను ప్రసాదం ప్లేటు పక్కన పెట్టి పిరమిడ్ గుమ్మం వైపు చూశాను.

దారి వెడల్పు అరవై సెంటీమీటర్లు. స్వామి చెవుల దగ్గర డెబ్బై ఎనిమిది. ఈజిప్టు వాళ్ళకి రాజుని బయటికి తీసే ఆలోచనే లేదు. ఎప్పటికీ అక్కడే ఉండాలని కట్టారు. మన దేవుడు వచ్చేదే వెళ్ళడానికి. పంపించడమే సగం పండగ. ఊళ్ళో సెట్టింగులన్నీ ముందువైపు బార్లా తెరిచే ఉంటాయి కాబట్టి, తలుపు గురించి ఆలోచించాలని మాలో ఒక్కరికీ తోచలేదు. ఇరవై రెండేళ్ళ సర్వీసున్న ఇంజనీర్ని, గాలికి తట్టుకుంటుందా, పిల్లలు ఎక్కితే తట్టుకుంటుందా అని లెక్కలన్నీ వేసి, దేవుడు బయటికెలా వస్తాడన్నది మాత్రం మర్చిపోయాను. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది.

అంతకన్నా పెద్ద భయం ఇంకోటి. పిరమిడ్‌ని కోయాలి. నా కూతురు ఊళ్ళో లేనప్పుడు, అది కట్టినదాన్ని, మళ్ళీ నేను విప్పాలి. ఈసారి రిబ్బన్ కూడా రాదు.

గురువారం పొద్దున్నే అందరం షెడ్డులో కూర్చున్నాం. ఉద్వాసన చెప్పాక ఎలాగూ మట్టే కదా, చెవులు కాస్త చెక్కితే సరిపోతుందని ఎవరో అన్నారు. ఆంటీ ఆ మనిషి వైపు చూసిన చూపుకి అతను లేచి టీ తాగడానికి వెళ్ళిపోయాడు. మిగిలింది కోత. ముందువైపు గోడ కోసేద్దామని, శనివారం రెండు వందలమంది వస్తారు కాబట్టి ఆలోపలే కోసి, ఆ ముక్కని మళ్ళీ తీయడానికి వీలుగా బిగించి రంగేద్దామని అంకుల్ అన్నారు. ఎక్కడ కోస్తే తక్కువ పాడవుతుందో చూడ్డానికి నేను టేపు తీసుకుని లోపలా బయటా కొలిచాను.

లెక్క కలవలేదు. గది నేల ఎత్తులో బయటి పొడవులోంచి దారి, గది, పెట్టెల మందం అన్నీ తీసేసినా గది వెనక తొంభై సెంటీమీటర్లు మిగిలింది. మూడుసార్లు కొలిచాను. మిగతా చోట్లన్నీ పెట్టెలు ఇరికించి నింపినవే. అక్కడ మాత్రం ఏమీ లేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఆరు వారాల్లో నా కూతురు నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. వెనకవైపు ఫ్రేములో ఐమూలగా వేసిన చెక్కని పక్క గడిలోకి జరిపితే ఏమైనా అవుతుందా అని. లెక్క వేసి, ఏమీ కాదన్నాను. ఎందుకు అని అడగకుండా నాలుక కరుచుకున్నాను.

మాకెవరికీ తెలియని గది ఒకటి ఉంది. అది ఎందుకుందో ఒక్క దానికే తెలుసు. లేదా దాని కొలత ఎక్కడో తప్పి ఖాళీ మిగిలిపోయింది, దాన్ని కప్పిపెట్టి ఊరుకుంది. రెండూ జరగడానికి వీలుంది.

కార్పెంటర్ తమ్ముడు డ్రిల్లు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "చిన్న బొక్క అక్కా. ఫోన్ కెమెరా పెట్టి చూద్దం. మళ్ల మూసేస్త, పాపకు తెల్వనే తెల్వది."

అతనిది మంచి మనసే. తెలియనే తెలియదు అన్న మాట కూడా నిజమే. నేను వెనక్కి వెళ్ళి, డ్రిల్లు మొన పెట్టెకి ఆనించాను. స్విచ్చి మీద వేలు ఉంది. అదిమితే అర నిమిషం పని. తలుపైతే అందరి దిగులూ తీరుతుంది, తప్పైతే అది రాకముందే సరిచేసేయొచ్చు. ఈ రెండో మాట మనసులో అనుకోగానే నాకు అగ్నిపర్వతం కనిపించింది. సరిచేసేయొచ్చు. ఆ ఆదివారం కూడా నేను సరిగ్గా అదే అనుకున్నాను.

డ్రిల్లు తిరిగి ఇచ్చేశాను. పిల్ల శుక్రవారం మధ్యాహ్నం వస్తుంది, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దు అన్నాను.

అంకుల్‌కి కోపం వచ్చింది. ఆయన కోపం నాదిలా కాదు, నెమ్మదిగా వచ్చి ఉండిపోతుంది. "నీ కూతురు కోసం దేవుణ్ణి ఆపుతావా అమ్మా?" అన్నారు. ఆపుతానన్నాను. దారి లేకపోతే శుక్రవారం సాయంత్రం నేనే రంపం పట్టుకుంటానని కూడా అన్నాను. ఆంటీ విగ్రహం ముందు దీపంలో నూనె పోయడానికి లోపలికి పాక్కుంటూ వెళ్ళింది. ఆ రోజు, మర్నాడు నేను ఆఫీసులో ఏం పని చేశానో నాకు తెలియదు. నా మీద నమ్మకం లేనిది నా కూతురికే కాదు, నాకూ లేదని ఆ రెండు రోజుల్లో తెలిసింది.

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి బస్సు వచ్చింది. బురద బూట్లు, పొగ వాసన, చిక్కుపడ్డ జుట్టు. కారు డోరు వెయ్యగానే చెప్పేశాను. స్వామి దారిలోంచి బయటికి రాడు, అందరూ కోసేద్దామంటున్నారు అని.

"ఐ నో, రాడు" అంది. తరవాత నా వైపు తిరిగింది. "వెనకాల ఓపెన్ చేశారా?"

లేదన్నాను. టేపుతో కొలిచాను, తొంభై సెంటీమీటర్లు మిగిలింది, అంతే అన్నాను. అది నా మొహంలోకి చూసింది. పద అంది.

షెడ్డులో అంకుల్, ఆంటీ, కార్పెంటర్ తమ్ముడు ఎదురుచూస్తున్నారు. నా కూతురు నేరుగా వెనకవైపుకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. స్క్రూడ్రైవర్‌తో ఇసుక రంగు గీకింది. పెయింటు కింద స్క్రూలున్నాయి. నాలుగు పెట్టెలు ఒకే పలకలా ఊడి వచ్చాయి. లోపల ఖాళీ గది, నేల మీద చక్రాల పీట, పీటకి కట్టిన తాడు. లోపలి గోడకి ఎర్ర పెన్సిల్‌తో అంకెలు. చెవుల వెడల్పు డెబ్బై ఎనిమిది, అటు ఆరు, ఇటు ఆరు, దారి తొంభై. ఆ గోడకీ నాలుగు స్క్రూలే. దాని వెనకే స్వామి వీపు. ఆ అంకెలన్నీ నా కూతురివి, ఒక్కటి కూడా నాది కాదు. నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అంకుల్ వంగి చూసి, లేచి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆంటీ నా కూతురి బురద చెంపలు రెండూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది. నువ్వన్నా చెప్పకపోతివి పాపా అని కార్పెంటర్ తమ్ముడు అంటే, ఎవరూ అడగలేదుగా అంది. నిజమే, మాలో ఒక్కరూ అడగలేదు.

శనివారం ఉద్వాసన పూజ అయ్యాక స్వామి చక్రాల పీట మీద, రెండు చెవులతోనూ, వెనక దారిలోంచి, వాలుగా ఆనించిన చెక్కల మీదుగా మెల్లగా బయటికి వచ్చాడు. తాడు నా కూతురే లాగింది. షెడ్డు ముందు పెట్టిన నీళ్ళ టబ్బులో నిమజ్జనం చేశాం. పిల్లలంతా తడిసి ముద్దయ్యారు. అంకుల్ అందరికన్నా గట్టిగా జై కొట్టారు. నా దగ్గరికి వచ్చి, మొన్న కాస్త గట్టిగా అన్నానమ్మా అన్నారు. నేనూ గట్టిగానే అన్నాను కదంకుల్ అన్నాను.

ఇంటికి వెళ్తుంటే కారులో మేమిద్దరమే. దాని ఒళ్ళో తడి తువ్వాలు. క్యాంపుకి వెళ్ళేముందు ఒక్క మాట చెప్పొచ్చు కదే, రెండు రోజులు ప్రాణం పోయింది అన్నాను. చెప్పాలనే అనుకున్నానంది. చెబితే నేను చూస్తానంటాను, చూస్తే ఏదో ఒకటి మారుస్తాను, ఇక ఆ గది తనది కాదు, అందుకని చెప్పలేదంది. గొంతులో కోపం లేదు. పిరమిడ్ గురించి చెప్పినట్టే చెప్పింది.

అది అంత సూటిగా చెప్పాక నేను దాచుకోలేకపోయాను. గురువారం డ్రిల్లు పట్టుకుని వెనక్కి వెళ్ళానని, మొన ఆనించి స్విచ్చి మీద వేలు కూడా పెట్టానని చెప్పేశాను.

"తెలుసమ్మా," అంది. "నిన్న స్క్రూలు తీస్తుంటే చూశాను. బాక్స్ మీద చిన్న గుంట ఉంది." ఒళ్ళో తువ్వాలు మడతపెట్టుకుంటూ మళ్ళీ అంది. "గుంట ఉంది, కానీ హోల్ లేదు. నువ్వు ఆపేశావ్."

కారు రోడ్డు పక్కకి తీసి ఆపాను. ఏడుస్తున్నానని దాచుకునే ప్రయత్నం చెయ్యలేదు. అది తన తడి తువ్వాలు నాకిచ్చి, నేను తేరుకునేదాకా పక్కన కూర్చుంది.